తెలుగు గండం చిన్నది, తొమ్మిదో తరగతి గండం పెద్దది

గల్ఫ్ నుంచి కుటుంబంతో వాపస్ వచ్చి కోరుట్లలోనో జగిత్యాలలోనో బడి వెతికే తల్లిదండ్రుల మొదటి బెంగ ఒకటే: "సార్, మా బిడ్డకు తెలుగు రాయడం రాదు, ఎట్లా?" దుబాయిలో, దోహాలో హిందీ, అరబిక్ చదివిన పిల్లకు మన ఒత్తులు కొత్తే. కానీ ఆ బెంగ తీరేదే. 2018 చట్టం పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసినా, బయటి నుంచి వచ్చిన పిల్లలకు మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది. సీబీఎస్‌ఈ వంటి బోర్డుల బడుల్లో 9, 10 తరగతులకు ‘సింగిడి’ బదులు తేలికైన ‘వెన్నెల’ వాచకం పెట్టాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. ఇంటర్‌లోనైతే రెండో భాషగా హిందీయో సంస్కృతమో తీసుకోవచ్చు.

అసలు చిక్కు డాక్టరు సీటు దగ్గర. 2024 జులైలో వచ్చిన జీవో 33 ప్రకారం, 9 నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివినవారే స్థానికులు. హైకోర్టులో దానికి ఎదురుదెబ్బ తగిలినా, 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సమర్థించింది. జగిత్యాల, సిరిసిల్ల ప్రభుత్వ వైద్య కళాశాలలు 2014 తర్వాత పుట్టినవి. వాటిలో అఖిల భారత కోటా పోగా మిగిలిన కన్వీనర్ సీట్లన్నీ స్థానికులకే. పదో తరగతి దోహాలో ముగించి జగిత్యాలలో ఇంటర్ చేరిన పిల్ల, తాతముత్తాతలది కోరుట్లే అయినా, తన జిల్లా కాలేజీలోనే స్థానికేతరురాలు.

ఉద్యోగరీత్యా బయటికి బదిలీ అయిన ప్రభుత్వ ఉద్యోగుల, సైనికుల పిల్లలకు ఇందులో సడలింపు ఉంది. పొట్టకూటికి ఎడారికి పోయిన కార్మికుడి పిల్లలకు లేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. ఆయన పంపిన పైసలతోనే ఈ ఊళ్లు నిలబడ్డాయి. కాబట్టి డాక్టరు చదువు ఆశ ఉంటే ఎనిమిది పూర్తి కాగానే పిల్లల్ని ఇక్కడి బడిలో చేర్చడమే మార్గం.

ఇంజనీరింగ్‌లో కొంత వెసులుబాటు ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే, స్థానికేతర పిల్లలు కూడా 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లకు పోటీపడవచ్చు. దానికి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం ముందే తీసిపెట్టుకోవాలి. ఇవికాక గల్ఫ్ కార్మికుల పిల్లలకని ఏఐసీటీఈ అదనపు సీట్లు కేటాయించింది. వరంగల్ ఎన్‌ఐటీలో ఇలాంటిదే వేరే కోటా కింద చేరితే ట్యూషన్ ఫీజు ఇక్కడి విద్యార్థులతో సమానమే.

సిరిసిల్ల నుంచి భివండి మరమగ్గాలకు వలసపోయిన పద్మశాలీల పిల్లలకు ఆ కోటా కూడా లేదు. దాటింది రాష్ట్రమే, దేశం కాదు కదా. నాలుగేళ్ల నిబంధన మాత్రం వాళ్లకూ అంతే.