కిలో మందు వెనక ఎన్ని కిలోల వ్యర్థం?

కిలో మందు తయారయ్యేసరికి 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం మిగులుతుంది. 1992లో రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ కట్టిన లెక్క ఇది, అదీ నీళ్లను కలపకుండా. ముడిచమురు శుద్ధిలో అయితే కిలోకు 100 గ్రాములు కూడా మిగలదు. మందు అణువును మెట్టు మెట్టుగా కట్టుకుంటూ పోవాలి, ప్రతి మెట్టుకూ సాల్వెంట్లు, కడగడాలు, వడపోతలు తప్పవు. ఆ వ్యర్థం ఎక్కడికి పోతుందో హైదరాబాద్ శివార్లలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం దగ్గర నీళ్లు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ తేలింది. అవి శుద్ధి చేశాక బయటికి వదిలిన నీళ్లు!

వ్యర్థం పుట్టకముందే ఆపడంలో ఎంజైములు ఏపాటి సాయం చేస్తాయో సిటాగ్లిప్టిన్ చెబుతుంది. ఇది షుగరు మాత్ర. ఈ అణువుకు కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా రెండు రూపాలుంటాయి, మందుకు కావలసింది ఒక్కటే. పాత పద్ధతిలో ఖరీదైన రోడియం లోహంతో, సుమారు 17 రెట్ల వాతావరణ పీడనంలో హైడ్రోజన్ ఎక్కించేవారు. అయినా అక్కరలేని రూపం వందలో ఒకటిన్నర పాళ్లు వచ్చేది. దాన్ని తీసెయ్యాలి, రోడియం ఆనవాళ్లనూ తీసెయ్యాలి.

మెర్క్, కోడెక్సిస్ కంపెనీలు 2010లో ఈ పద్ధతికి బదులు ట్రాన్సమినేజ్ అనే ఎంజైమును ప్రకటించాయి. విటమిన్ బి6 రూపాన్ని సాయం పట్టుకుని, సిటాగ్లిప్టిన్‌కు ముందు రూపమైన కీటోన్‌లోని ఆక్సిజన్ స్థానంలో అమైన్‌ను కూర్చోబెట్టడం దాని పని. చిక్కేమిటంటే ఇంత పెద్ద అణువు ప్రకృతిలో దొరికిన ఎంజైములో పట్టదు. చోటు పెంచి మార్చిన మొదటి రకం 10 గ్రాములు వేస్తే, 2 గ్రాముల కీటోన్‌లో 0.7 శాతమే మారింది. అంటే 14 మిల్లీగ్రాములు. అక్కడితో వదిలేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్లు జన్యువును మార్చడం, వేల రకాల్లోంచి మెరుగైనదాన్ని ఏరుకోవడం, మళ్లీ మార్చడం, ఇలా 11 విడతలు సాగించారు. శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో నోబెల్ తెచ్చిన పద్ధతి ఇదే. చివరికి 27 మార్పులున్న ఎంజైము నిలిచింది. లీటరుకు 6 గ్రాములు వేస్తే 200 గ్రాముల కీటోన్‌లో 92 శాతం మందుగా మారింది. గ్రాము ఎంజైముకు 1.4 మిల్లీగ్రాములిచ్చే పని సుమారు 30 గ్రాములకు చేరింది. అక్కరలేని రూపం పదివేలలో మూడు పాళ్ల లోపే.

మరి వ్యర్థం? మొత్తం మీద 19 శాతం తగ్గింది. వినడానికి చిన్న అంకే. ద్రావణంలో సగం ఇంకా డీఎంఎస్‌ఓ అనే సాల్వెంటే. అయినా నాకు ఈ 19 మీదే గురి. రోడియం పూర్తిగా పోయింది, ప్రత్యేక పీడన పాత్రల అవసరం తీరింది, దిగుబడి 10 శాతానికి పైగా పెరిగింది. ఇన్ని జరిగినా మిగతా మెట్లు పాతవే గనక వ్యర్థం అంతకంటే దిగలేదు.

తర్వాతి అడుగు ఆ మెట్లమీదే పడింది. 2019లో మెర్క్ శాస్త్రవేత్తలు ఇస్లాట్రవిర్ అనే హెచ్‌ఐవీ ఔషధ అణువును 9 ఎంజైములతో కట్టారు. అందులో 5 మార్చి తీర్చినవి, 4 వాటికి తోడు. మధ్యలో పుట్టే పదార్థాలను బయటికి తీసి కడగలేదు. దిగుబడి 51 శాతం, మెట్లు పాత పద్ధతుల్లో సగం కూడా లేవు. బయటికి తీయని పదార్థాన్ని కడిగే సాల్వెంటు అక్కర్లేదు, ఆ సాల్వెంటు ఏ శుద్ధి కేంద్రానికీ చేరదు.