బుల్లెట్‌కి ఎన్ని గుర్రాలు పెరిగాయి?

సంక్రాంతికో తిరునాళ్లకో మన గుంటూరు, ప్రకాశం ఊళ్లలో జరిగే బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. ఒంగోలు జాతి ఎడ్లకి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని వయసుని బట్టి విభాగాలు. ఒక విభాగంలో అందరికీ అదే బండ, అదే నేల, అదే టైమ్. టైమ్ అయిపోగానే ఏ జత ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు, అంగుళాలతో సహా మైకులో చెప్తారు. ఎడ్ల మెడలో గంటలు గట్టిగా మోగాయని ఎవరూ ఫస్ట్ ప్రైజ్ ఇవ్వరు.

బైకుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం గంటల చప్పుడుకే ప్రైజ్ ఇచ్చేస్తాం. కొత్త సైలెన్సర్ వేయించుకుని హాస్టల్ ముందు రెండుసార్లు రేజ్ చేసి, "మామా, ఐదు హెచ్‌పీ పెరిగిందిరా" అంటే చుట్టూ ఉన్న పదిమందీ తలూపుతారు. పదిహేను వేలు పోసినవాడికి పెరగలేదని ఒప్పుకోవడం కష్టమే మరి. అసలు పెరిగిందా, పెరిగితే ఎంత, డబ్బు పెట్టేముందు అది ఎలా తెలుసుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

ముందు హార్స్‌పవర్ అంటే ఏంటో చూద్దాం. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాన్ని గుర్రాలతో పోల్చి చెప్పడానికి ఈ లెక్క కట్టాడు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. సుమారు 76 కిలోల బరువుని ఒక్క సెకనులో ఒక మీటరు పైకి ఎత్తగల శక్తి అన్నమాట. బలం ఎంత, దూరం ఎంత, టైమ్ ఎంత, ఈ మూడూ తెలిస్తే చాలు. బండలాగుడు కూడా అదే లెక్క, కాకపోతే అక్కడ బలాన్ని బండ బరువుతో ఫిక్స్ చేసి దూరం కొలుస్తారు.

ఇంజిన్‌లో అయితే టార్క్‌ని ఆర్పీఎంతో గుణించాలి. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి 7121తో భాగిస్తే హెచ్‌పీ వస్తుంది. ఇప్పటి క్లాసిక్ 350, మీటియోర్ 350 ఇంజిన్ 4000 ఆర్పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. లెక్క వేస్తే 15 హెచ్‌పీ. కంపెనీ చెప్పే 20.2 హెచ్‌పీ రావాలంటే 6100 దాకా తిప్పాలి. (పుస్తకం ప్రకారం మీటియోర్, అవెంజర్ లాంటివే క్రూజర్లు. మన ఊళ్లలో బుల్లెట్‌ని ఆ లిస్టులోంచి తీసేస్తే గొడవలైపోతాయి కాబట్టి కలిపేస్తున్నా.)

మరి 373 సీసీ కేటీఎం డ్యూక్ 390 నలభై మూడు హెచ్‌పీ ఎలా ఇస్తుంది, 349 సీసీ క్లాసిక్ ఇరవై దగ్గరే ఎందుకు ఆగింది? కారణం సిలిండర్ ఆకారంలోనే ఉంది. ఆ డ్యూక్ బోర్ 89 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 60. అంటే వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. క్లాసిక్ బోర్ 72, స్ట్రోక్ 85.8. సన్నగా లోతుగా ఉన్న బావి లాంటిది. పిస్టన్ ఒక్కో రౌండుకి ఆ లోతు మొత్తం దిగి ఎక్కాలి. 6100 ఆర్పీఎంలో క్లాసిక్ పిస్టన్ సగటు వేగం సెకనుకి 17.4 మీటర్లు. డ్యూక్‌ది 9000 ఆర్పీఎంలో 18 మీటర్లు. అంటే పిస్టన్ కష్టం ఇద్దరిదీ దాదాపు సమానమే! క్లాసిక్ బద్ధకంగా ఏమీ లేదు, పొడుగు స్ట్రోక్‌తో ఇప్పటికే తన పరుగు తను పరిగెడుతోంది. ఇంకా ఆర్పీఎం పెంచి పవర్ లాగుదామంటే దానికి పెద్దగా చోటు లేదు.

ఇక మార్పుల సంగతి. ఫ్రీ ఫ్లో సైలెన్సర్, ఫిల్టర్ ఈ రెండూ ఇంజిన్ ఊపిరిని తేలిక చేసేవి. ఊపిరి అడ్డుపడేది ఎక్కువగా పై ఆర్పీఎంలలో. క్రూజర్ అక్కడికి వెళ్లేదే తక్కువ. పైగా కొత్త బైకుల్లో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. మామూలుగా నడిపేటప్పుడు అది పొగ చూసి గాలికీ పెట్రోలుకీ 14.7కి ఒకటి నిష్పత్తి ఉండేలా ఈసీయూ చేత సరిచేయిస్తుంది. దాని ప్రోగ్రామ్ మార్చకుండా బయటి గొట్టాలు మాత్రమే మార్చితే లాభం ఒక హెచ్‌పీ అటూ ఇటూ తిరుగుతుంది, ఒక్కోసారి కింది ఆర్పీఎంలో టార్క్ పోతుంది కూడా.

స్ప్రాకెట్ మారిస్తే పికప్ నిజంగానే పెరుగుతుంది, కానీ అది గేర్ మార్చినట్టే, ఇంజిన్ పవర్ ఏమీ మారదు. నికరంగా పెంచేది బోర్ పెంచడమే. దీనికి సాక్ష్యం కంపెనీ దగ్గరే ఉంది. పాత 346 సీసీ ఇంజిన్ (బోర్ 70) 19.8 హెచ్‌పీ. అదే 90 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో బోర్ 84 చేస్తే 499 సీసీ, 27.2 హెచ్‌పీ. సైజు 44 శాతం పెరిగితే పవర్ 37 శాతం పెరిగింది. అదీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో సహా ఫ్యాక్టరీలో డిజైన్ చేసి చేస్తే. గ్యారేజీలో చేసేది అంతకంటే ఎక్కువ ఇస్తుందని ఎవరైనా అంటే నేనైతే కాగితం చూపించమంటాను.

ఆ కాగితం ఇచ్చేది డైనో. వెనక చక్రాన్ని బరువైన రోలర్ మీద పెట్టి తిప్పుతారు. రోలర్ ఎంత త్వరగా వేగం అందుకుంటే అంత పవర్. కంపెనీ చెప్పే అంకె క్రాంక్ దగ్గరిది, డైనోది చక్రం దగ్గరిది. గేర్లు, చైను మధ్యలో కొంత తినేస్తాయి కాబట్టి డైనో అంకె తక్కువే ఉంటుంది. అది చూసి కంపెనీ మోసం అనుకోవద్దు. మార్పుకి ముందు, తర్వాత ఒకే డైనో మీద తీసిన రెండు అంకెల తేడానే మనకి కావాలి.

డైనో దొరకకపోతే? ఫోన్, ఖాళీ రోడ్డు, ఫిజిక్స్ చాలు. బైకు, మనిషి కలిపి 260 కిలోలు అనుకుందాం. గంటకి 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళ్లాలంటే ఆ బరువుకి 28,080 జౌళ్ల శక్తి ఎక్కించాలి. నాలుగో గేర్‌లో ఫుల్ థ్రాటిల్‌తో దానికి 5 సెకన్లు పట్టిందనుకోండి, 5,616 వాట్లు. కానీ ఇంజిన్ గాలినీ నేల రాపిడినీ కూడా తోస్తోంది కదా, అదెంత? ఇక్కడే నాకు బాగా నచ్చిన ట్రిక్ ఉంది. అదే చోట 80 దాటాక క్లచ్ పట్టేసి, బ్రేక్ వేయకుండా వదిలేయండి. 80 నుంచి 60కి పడిపోవడానికి 8 సెకన్లు పట్టిందనుకుంటే అదే 28,080ని 8తో భాగించండి. 3,510 వాట్లు. గాలి లెక్క దానంతట అదే తేలిపోయింది. రెండూ కలిపితే 9,126 వాట్లు, అంటే చక్రం దగ్గర 12.2 హెచ్‌పీ. ఇది ఆ వేగాల మధ్య సగటు పవరే, గరిష్ఠం కాదు.

ఇప్పుడు చిక్కంతా కొలతల్లో. 5 సెకన్లు అనుకున్నది 4.8 అయితే 0.3 హెచ్‌పీ పెరిగినట్టు కనిపిస్తుంది. మన నేల బల్లపరుపు అనుకుంటాం గానీ నూరు మీటర్లకి ఒక్క మీటరు ఏటవాలు ఉన్నా 0.66 హెచ్‌పీ తేడా వస్తుంది. అది కంటికి కనపడదు, సైలెన్సర్ ఇచ్చే లాభంతో మాత్రం సమానం! అందుకే ప్రతి రన్ రెండు వైపులా తీయాలి. వెనక ఫ్రెండ్ ఎక్కితే టిక్కీన్నర మిర్చి బరువు కలిసినట్టే. ఫోన్ జీపీఎస్ చాలావరకు సెకనుకి ఒక్కసారే వేగం చెప్తుంది, కాబట్టి రెండు రీడింగుల మధ్య అంచనా కట్టాలి. అందులో తప్పు తప్పదు. ఒకే రన్ చూసి తీర్పు చెప్పకుండా పది తీసి సగటు వేస్తే యాదృచ్ఛిక తప్పు సుమారు మూడో వంతుకి తగ్గుతుంది. స్టాటిస్టిక్స్ క్లాసులో నిద్రపోయినవాళ్లకి ఇదొక రెండో అవకాశం.

ఎండ గురించి చెప్పకపోతే రెంటచింతల వాళ్లు ఊరుకోరు. మే నెలలో 45 డిగ్రీలు, సంక్రాంతి పొద్దున 20 డిగ్రీలు. అదే పీడనంలో వేడి గాలి 8 శాతం పల్చన. ఇంజిన్‌కి అంత ఆక్సిజన్ తక్కువ. ఎండాకాలంలో పాత సైలెన్సర్‌తో, చలికాలంలో కొత్తదానితో నడిపి "తేడా తెలుస్తోంది" అంటే అది సైలెన్సర్ గొప్పతనం కాదు, జనవరి గొప్పతనం.

చట్టం సంగతి తెలుసుకునే దిగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. సీసీ ఆర్సీలోనే ఉంటుంది కాబట్టి బోర్ కిట్ నేరుగా ఇందులో పడుతుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చప్పుడు, పొగ పరిమితి దాటితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు, లైసెన్స్ మూడు నెలలు పోతుంది. సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించే ఫోటోలు పేపర్లో వచ్చేది ఇందుకే.

కొలవాలనుకునేవాళ్లు ముందు ఉన్న బండిని ఉన్నట్టే కొలవండి, కొత్త పార్టు కొనకముందే. ఆ రోజు ఉష్ణోగ్రత, టైర్లలో గాలి, ట్యాంకులో పెట్రోలు, మీ బరువు, రోడ్డు ఏ దిక్కుకో రాసి పెట్టుకోండి. హెల్మెట్ పెట్టుకుని, ధాన్యమో మిరపకాయలో ఆరబోయని రోడ్డు చూసుకుని, తెల్లవారి గాలి లేనప్పుడు వెళ్లండి. 80 కంటే పైకి అక్కర్లేదు.