ఒకే ఎండకు రెండు పంటలు

కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. గని, శకునాల ప్రాంతంలో ఆ ప్యానెళ్లు పరవడానికి దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. మనకు ఎండకు కొదవ లేదు, నేలకే కటకట. మరి అదే ప్యానెల్ నుంచి ఇంకా ఎక్కువ కరెంటు రాబట్టలేమా? సిలికాన్ ఒక్కదానితో అయితే ఇక పెద్దగా కుదరదు. ఎండను కరెంటుగా మార్చడంలో సిద్ధాంతరీత్యా దాని గరిష్ఠ సామర్థ్యం 29.4 శాతం. ప్రయోగశాలల్లో ఇప్పటికే 27 దాటేశారు.

చిక్కంతా సిలికాన్ స్వభావంలోనే ఉంది. ఎరుపు, పరారుణ కాంతిని అది చక్కగా వాడుకుంటుంది. నీలి కాంతిలో శక్తి ఎక్కువే అయినా, అందులో చాలా భాగాన్ని వేడిగా పోగొట్టుకుంటుంది. అందుకే దానిమీద పెరోవ్‌స్కైట్ అనే పదార్థంతో మరో పొర వేస్తున్నారు. నీలి, ఆకుపచ్చ కాంతిని ఈ పొర పట్టుకుని ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది, ఎరుపును కిందికి వదిలేస్తుంది. ఇదే టాండెమ్ సెల్. సిలికాన్‌ను 1400 డిగ్రీలు దాటించి కరిగించాలి. పెరోవ్‌స్కైట్‌ను ద్రావణంగా పూసి 100 డిగ్రీల దగ్గర ఆరబెడితే చాలు, స్ఫటికమవుతుంది. అందులోని అయోడిన్, బ్రోమిన్ పాళ్లు మారిస్తే ఏ రంగు కాంతిని పట్టాలో కూడా మన చేతిలోనే ఉంటుంది.

పెరోవ్‌స్కైట్ అన్నది 1839లో ఉరల్ పర్వతాల్లో దొరికిన ఒక ఖనిజం పేరు. నేటి సెల్‌లో ఆ ఖనిజం ఉండదు, దాని స్ఫటికాల అల్లిక మాత్రమే ఉంటుంది. 2009లో జపాన్‌లో త్సుతోము మియసాకా బృందం దీనితో సాధించింది 3.8 శాతమే. పైగా సెల్‌లోని ద్రవమే ఆ పదార్థాన్ని కరిగించేసేది. 2012లో ద్రవం స్థానంలో ఘనపదార్థం వచ్చాక పరుగు మొదలైంది. 2025లో చైనా కంపెనీ లాంగీ టాండెమ్ సెల్ 34.85 శాతాన్ని అందుకుంది.

ఇలాంటి రికార్డులు పతాక శీర్షికలకు బాగుంటాయి. కానీ అవి సాధారణంగా చదరపు సెంటీమీటరు సెల్ మీద వచ్చేవి. 2024లో ఆక్స్‌ఫర్డ్ పీవీ అమ్మకానికి పంపిన తొలి ప్యానెళ్ల సామర్థ్యం 24.5 శాతమే.

అంతకన్నా పెద్ద ప్రశ్న మన్నిక. సిలికాన్ ప్యానెల్‌కు పాతికేళ్ల వారంటీ మామూలే. పెరోవ్‌స్కైట్‌కు తేమ పడదు, వేడి పడదు. కాంతి తగిలితే, ఏరికోరి కలిపిన అయోడిన్, బ్రోమిన్‌లే లోపల విడిపోతుంటాయి. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు నిలవడం ఒక ప్రామాణిక పరీక్ష. ఆ గంటలను రోజుల్లోకి మారిస్తే 42కు మించవు! 34 శాతంతో మొదలై పదేళ్లకే చతికిలబడే ప్యానెల్ కన్నా, 22 శాతంతో పాతికేళ్లు నడిచేదే మొత్తమ్మీద ఎక్కువ కరెంటు ఇస్తుంది. కొనేవాడు చూసుకోవాల్సింది ఈ లెక్కే.

ఇందులో సీసం కూడా ఉంది. చదరపు మీటరుకు కొద్దిపాటే అయినా నీళ్లలో కరిగే రూపంలో ఉంటుంది. అద్దం పగిలినా, అంచుల సీలు ఊడినా వానతో నేలలోకి దిగుతుంది. అందుకే పాడైన ప్యానెళ్లను తయారీ కంపెనీయే వెనక్కి తీసుకోవాలన్న షరతును మొదటి టెండరులోనే రాయించాలి.