నక్షత్రం గుర్తున్న మాట

ఇంగ్లీషు వ్యుత్పత్తి నిఘంటువులో ‘రింగ్’ అనే మాట తీసి వెనక్కి వెళ్తూ ఉంటే, ‘*హ్రెంగజ్’ అనే మూల జర్మానిక్ రూపం కనిపిస్తుంది. ముందున్న నక్షత్రానికి అర్థం: ఈ మాట ఏ రాతలోనూ దొరకలేదు, పోల్చి కట్టిన రూపం. మన మూలద్రావిడ పదాలకూ ఇదే గుర్తు పెడతారు.

ఎవరూ చూడని మాటని ఇంత నమ్మకంగా ఎలా రాస్తారు? ముక్కముక్కగా.

మొదట హకారం. ఇప్పటి ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ రింగే. కానీ పాత ఇంగ్లీషులో ‘హ్రింగ్’, పాత నార్స్‌లో ‘హ్రింగ్ర్’. ఇద్దరూ విడివిడిగా ఒకే హకారం తగిలించుకున్నారనడం కంటే, మొదట్నుంచీ ఉన్నదే తర్వాత రాలిపోయిందనడం నయం.

తర్వాత చివరి ‘అజ్’. డెన్మార్క్‌లోని గాలెహుస్‌లో 1734లో ఒక బంగారు కొమ్ము దొరికింది. సుమారు క్రీ.శ. 400 నాటిది. దానిమీద రూనిక్ లిపిలో ‘హోల్టియజ్’ అనే మాట ఉంది. నార్స్‌లో ‘ర్’గా మారిన, ఇంగ్లీషులో పూర్తిగా పోయిన తోక అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1802లో దొంగ ఆ కొమ్ముని ఎత్తుకెళ్ళి కరిగించేశాడు. అంతకుముందే గీసిన బొమ్మల వల్ల రాత మిగిలింది.

ఇక మిగిలింది ఎకారం. జర్మానిక్ భాషలన్నిటిలోనూ ఇక్కడ ఇకారమే ఉంది. నకారం, దాని వెంట ఇంకో హల్లు వస్తే ముందున్న ‘ఎ’ ‘ఇ’ అవుతుందని పండితుల సూత్రం. గాలిని లాటిన్‌లో ‘వెంటుస్’ అంటే ఇంగ్లీషులో ‘విండ్’ అయింది అలాగే. సూత్రం సరే, ఈ మాటకి సాక్ష్యం?

అది పక్కింట్లో దొరికింది. ఫిన్నిష్ భాషకి జర్మానిక్ కుటుంబంతో చుట్టరికం లేదు. అయినా వలయాన్ని వాళ్ళు ఈ రోజుకీ ‘రెంగస్’ అంటారు. ఎప్పుడో ఇరుగుపొరుగు జర్మానిక్ జనం దగ్గర అరువు తెచ్చుకున్న మాట. మనం రోడ్‌ని రోడ్డు చేసుకున్నట్టే వాళ్ళూ తమ నోటికి తగ్గట్టు దిద్దుకున్నారు: పాత ఫిన్నిష్ మాటలు జంట హల్లుతో మొదలుకావు గనక హకారం పోయింది, జీబ్రాలో పలికే జకారం లేదు గనక ‘స్’ వచ్చింది. ఎకారాన్ని మాత్రం ముట్టుకోలేదు. రాజుని కూడా వాళ్ళు ‘కునింగస్’ అంటారు. ఇంగ్లీషులో అదే మాట అరిగి ‘కింగ్’ అయింది. డేనిష్ భాషావేత్త విల్హెల్మ్ థామ్సెన్ 1869లోనే ఇలాంటి అరువు మాటల మీద ఒక పుస్తకం రాశాడు.

పరాయి మాటలని ఏరిపారేసి భాషని శుభ్రం చెయ్యాలనే వాదన మనలోనూ వినిపిస్తూ ఉంటుంది. ఫిన్నులు ఆ పని చేసి ఉంటే ఇంత మంచి సాక్షి పోయేది. ఇచ్చినవాళ్ళు పోగొట్టుకున్న అచ్చుని పుచ్చుకున్నవాళ్ళు దాచిపెట్టారు. నక్షత్రం మాత్రం అలాగే ఉంది, ఆ మాట చెక్కిన రాయో కొమ్మో ఏదైనా బయటపడేదాకా.