వాంతులా? సూది కంటే ముందు ఈ సంగతులు చెప్పండి

"సారూ, రాత్రి నుంచి ఒకటే వాంతులు. జల్ది ఒక సూది వేయండి." వానాకాలంలో మా అత్యవసర విభాగానికి వచ్చే కుటుంబాలు మొదట అడిగేది ఇదే. సూది వేయడం నిమిషం పని. కాని వాంతి జబ్బు కాదు, లోపల ఉన్న జబ్బుకు గుర్తు. అందుకే శ్వాస, నాడి, బి.పి., షుగర్ చూస్తూనే మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాము. విసుగుపడకుండా జవాబు చెప్పండి.

రాత్రి నేల మీద పడుకున్నారా? కట్లపాము కరిస్తే నొప్పి, వాపు ఉండకపోవచ్చు. గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు మొదలై, తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అజీర్తి అనుకొని ఆలస్యం చేస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

పత్తిచేనులో మందు కొట్టారా? లేక తాగారా? వాంతులతోబాటు చెమటలు, నోట చొంగ, బాగా చిన్నవైన కంటిపాపలు ఉంటే పురుగుల మందును అనుమానిస్తాము. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు తాగించి కక్కించవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మందు డబ్బా వెంట తీసుకురండి. పరువుకో, పోలీసులకో భయపడి దాచకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటివారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని చెబుతోంది. మీరు దాచిన ప్రతి నిమిషం రోగికే నష్టం.

షుగర్ ఉన్నవారికి, పెద్దవారికి చెమటలతో వాంతి అయితే గుండెపోటు కావచ్చు. తలకు దెబ్బ తగిలాక వాంతులైనా, పసిపిల్లలు పచ్చగా కక్కినా, వాంతిలో రక్తం పడినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇవేవీ కాక, వాంతులు విరేచనాలు మాత్రమే అయితే వైద్యం ఇంట్లోనే మొదలవుతుంది. ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి. బిడ్డ కక్కితే 10 నిమిషాలు ఆగి, 2, 3 నిమిషాలకు ఒక చెంచా చొప్పున మళ్ళీ పట్టండి. తల్లిపాలు మానవద్దు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి నీళ్ళనే రోగుల బంధువుల చేత తాగించారు. సుమారు నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 కంటే తక్కువకు దిగాయి.

కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా, ఏమి తాగినా నిలవకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దారిలో రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గుమ్మం దగ్గరే జరిగినది జరిగినట్టు చెప్పండి. ఏ సూది వేయాలో మాకు తెలిసేది మీ మాటల వల్లనే.