వార్తల్లో పదం: రిమోట్ ఆసిలోస్కోప్

వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెరపై గీతగా చూపే పరికరం ఆసిలోస్కోప్. ఆ గీతను కంప్యూటర్‌లో చూస్తూ, సెట్టింగులు కూడా అక్కడి నుంచే మార్చగలిగితే అది రిమోట్ ఆసిలోస్కోప్.

చూడటానికే అయితే, వీడియో అవుట్ ఉన్న స్కోపుకు మానిటర్ తగిలిస్తే చాలు. నడపాలంటే సాధారణంగా యూఎస్‌బీ లేదా లాన్ కేబుల్ కావాలి. కంప్యూటర్ పంపే ఆదేశాలకు 1990లో వచ్చిన ‘స్కిపీ’ ప్రమాణం ఉంది. మూల ఆదేశాలు అన్ని కంపెనీలకూ ఒకటే, మిగతావాటికి మాన్యువల్ తిరగేయాల్సిందే. లాన్ ఉన్న చాలా స్కోపుల ప్యానెల్‌ను బ్రౌజర్‌లోనే తెరవొచ్చు.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా ఉన్న విద్యార్థులు ఆన్‌లైన్‌లో ప్రయోగాలు చేసే కేంద్ర ప్రభుత్వ వర్చువల్ ల్యాబ్స్‌లో ఎక్కువ భాగం సిమ్యులేషన్లు. నిజమైన పరికరాన్ని దూరం నుంచి నడిపించే ప్రయోగాలూ ఉన్నాయి. ఖరీదైన స్కోపు కొనలేని కాలేజీలకు ఈ రెండో రకమే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

విశాఖ పూర్ణా మార్కెట్ లాంటి ఇరుకు బజారులో చిన్న బల్ల మీద రిపేర్లు చేసే మెకానిక్‌కూ రిమోట్ స్కోపు పనికొస్తుంది: స్కోపును అటక మీద పెట్టి, గీతను ల్యాప్‌టాప్‌లో చూసుకోవచ్చు. కానీ ఒక ప్రమాదం ఉంది. మామూలు స్కోపులో ప్రోబు గ్రౌండ్ క్లిప్పు నేరుగా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. యూఎస్‌బీ కేబుల్ పెడితే ల్యాప్‌టాప్ కూడా అదే గ్రౌండ్‌లో చేరుతుంది. పవర్ సప్లైలో మెయిన్స్ వైపు ఆ క్లిప్పు తగిలిస్తే షార్ట్ అవుతుంది, పరికరాలు కాలిపోవచ్చు, ప్రాణాపాయమూ ఉంది. అక్కడ డిఫరెన్షియల్ ప్రోబు తప్పనిసరి. స్కోపు ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మాత్రం ఎప్పటికీ పరిష్కారం కాదు.