ప్రాణవాయువు అందని కణములు – క్యాన్సరు మందులు

సూరత్ నగరమందలి డిండోలి వంటి క్రిక్కిరిసిన పేటలలో నీటి ఒత్తిడి తగ్గినపుడు పెద్ద గొట్టమునకు చేరువనున్న ఇండ్లలో బిందెలు నిండును. వీధి చివరి ఇండ్లకు చుక్క నీరైనను అందదు. క్యాన్సరు గడ్డలోను ఇట్టి స్థితియే యేర్పడును. మందు వాడుచున్నను కొన్ని గడ్డలు సగము కరగి నిలిచిపోవుటకు గల కారణములలో ఇది యొకటి.

మనము పీల్చు ప్రాణవాయువును, అనగా ఆక్సిజనును, రక్తము మోసికొని పోవును. సన్నని రక్తనాళమునుండి అది సుమారు 0.1 మొదలు 0.2 మిల్లీమీటరు దూరము మాత్రమే చేరగలదు. గడ్డ త్వరత్వరగా పెరుగును. దానిలోని రక్తనాళములు వంకరటింకరగా, చాలీచాలకుండ నుండును. కావున దూరపు కణములకు ప్రాణవాయువు కొరవడును. ఇంగ్లండు దేశమున థామ్లిన్సన్, గ్రే అను శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల క్యాన్సరు గడ్డలను పరిశీలించి ఈ విషయమును 1955లో వెల్లడించిరి.

ఇట్టి కణములు మందునకు లొంగకుండుటకు నాలుగు కారణములు కలవు. మొదటిది, మందు కూడ రక్తముతోనే రావలయును; ప్రాణవాయువు అందనిచోటికి మందును చాలినంత చేరదు. రెండవది, పెక్కు మందులు విభజన చెందు కణములనే చంపును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనల ఫలముగా వెలువడిన మెథోట్రెక్సేటు అట్టిది. ప్రాణవాయువు లేని కణము విభజన తగ్గించి, నిద్రించినట్లుండి తప్పించుకొనును. మూడవది, బ్లియోమైసిను వంటి మందు పనిచేయుటకే ప్రాణవాయువు కావలయును. నాలుగవది, ప్రాణవాయువు తగ్గగనే కణములో ఒక ప్రత్యేక ప్రోటీను మేల్కొని, లోనికి వచ్చిన మందును వెలికి నెట్టు ఏర్పాటులను పెంపొందింపగలదు. కణములు ప్రాణవాయువు హెచ్చుతగ్గులను గుర్తించు విధమును కనుగొన్నందులకు కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అను మువ్వురకు 2019లో నోబెల్ బహుమానము లభించినది. మైటోమైసిను వంటి కొన్ని మందులు మాత్రము ప్రాణవాయువు తక్కువగా నున్నచోటనే ఎక్కువ చురుకుగా పనిచేయును.

అట్లయిన ప్రాణవాయువు సిలిండరు తెచ్చి పీల్చినచో వ్యాధి నయమగునా? కాదు. ఆరోగ్యముగల ఊపిరితిత్తులు రక్తమును దాదాపు పూర్తిగా ప్రాణవాయువుతో నింపియే పంపుచున్నవి. కొరత గడ్డలోని దారిలో నున్నది. పైగా బ్లియోమైసిను పొందినవారికి అధిక ప్రాణవాయువు ఊపిరితిత్తులకు హాని చేయవచ్చును. అట్టివారు శస్త్రచికిత్సకు పోవునపుడు మత్తు ఇచ్చు వైద్యునకు ఈ సంగతి తప్పక తెలుపవలయును.

రోగి చేయదగిన పనులు కొన్ని కలవు. బీడీ, సిగరెట్టు మానవలయును. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తములో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించును. రక్తహీనత యున్నచో వైద్యునకు చెప్పి చికిత్స పొందవలయునే గాని, రక్తము పెంచు సూదులను స్వయముగా వేయించుకొనరాదు. వానిలో కొన్ని క్యాన్సరు రోగులకు కీడు చేసినట్లు పరీక్షలలో తేలినది.

అన్నిటికంటె ముఖ్యమైనది చికిత్సను నడుమ విడువకుండుట. మొదటి విడతలలో రక్తనాళములకు దగ్గరి కణములు నశించి గడ్డ తగ్గును. పిమ్మట దూరపు కణములకు రక్తమంది, అవి మరల విభజన మొదలిడవచ్చును. తరువాతి విడత మందు వానిని పట్టుకొనును. మందు మానినచో అవియే తిరిగి గడ్డయై పెరుగును. మగ్గము పని పోవునని, దినకూలి తగ్గునని, గడ్డ చేతికి తగులుటలేదని చికిత్స నాపుట ప్రాణాపాయము.

తెలంగాణము నుండి సూరత్ చేరి మగ్గములపై జీవించు కుటుంబములు పండుగలకు, పెండ్లిండ్లకు స్వగ్రామము పోవుట సహజము. అట్టి ప్రయాణమును ముందుగా వైద్యునకు తెలిపి, ఇచ్చిన మందుల పేర్లు, మోతాదులు, తేదీలు గల కాగితములను వెంట గొనిపోవలయును. అహమ్మదాబాదులోని గుజరాత్ క్యాన్సర్ సంస్థయందు గాని, హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రియందు గాని వైద్యులు ఆ కాగితములను చూచియే తరువాతి విడతను నిర్ణయింపగలరు. ఊరు మారినను చికిత్స తెగకుండుటయే రోగికి రక్ష.